సిరా అంటిన వేలు

పెగడపల్లి నుంచి తొలి బస్సులో, మంచులోంచి నడిచొచ్చినట్టు వచ్చేదామె, మా జగిత్యాల ట్రెజరీ ఆఫీసుకు. వేలిముద్ర వేశాక, బొటనవేలికంటిన సిరాను నూనె రాసుకున్నంత మెల్లగా తలకు రాసుకునేది. ఇప్పటికీ నా కలల్లోకి ఆ వేలు వస్తుంది.

ఆమెకూ, టీచరైన ఆమె భర్తకూ అడవిలోంచి వచ్చిన నక్సలైట్ అన్నలు ఊళ్లో పంచాయితీ పెట్టి విడాకులిచ్చారు. తర్వాత అతను మరొకామెతో కాపురం చేసి, చనిపోయాడు. కోర్టు కాగితం లేదు కనుక మా రూలు ప్రకారం భార్య ఈమే, పింఛనూ ఈమెకే.

ఈమేమో ఆ డబ్బు పట్టుకెళ్లి, బయట ఎండలో నిలబడ్డ ఆ రెండో ఆమె చేతిలో పెట్టేది.

"గామెకెందుకిస్తున్నవమ్మా?" అనడిగాను ఒకసారి.

వేలు తలకు రాసుకుంటూ నవ్వింది.

"ఆఖరుకు నీళ్లు తాపింది గామెనే. నేనైతే ఆయనను ఎప్పుడో ఇడిసిన సారూ. ఇడువనిది మీ కాయితమే."