గుర్రం మూతికి చిక్కం

మా ఇంట్లో గుర్రాన్ని కొట్టగలిగేది నేనొక్కదాన్నే. మా ఆయన పెళ్లి ఊరేగింపులకు బ్యాండు నడుపుతాడు. డోలు వాయించి వాయించి చేతులు కాయలు కాశాయి గానీ, ఆ గుర్రం చెవులు వెనక్కి పెట్టిందంటే చాలు, గోడ చాటుకు పోతాడు. పెళ్లికొడుకులను ఎక్కించుకునే తెల్ల గుర్రం అది. గుర్రం అని మర్యాదకు అంటున్నాను. నిజానికి నా భుజం దాకా కూడా రాని పొట్టి తట్టు. పొడుగాటి పెళ్లికొడుకు ఎక్కితే కాళ్లు నేలకు తగలకుండా ముడుచుకోవాలి. ఆర్మూరులోనే కాదు, అటు కమ్మర్‌పల్లి, ఏర్గట్ల దాకా, ముస్లింల ఇండ్లలో పెళ్లయినా మా వాళ్ల ఇండ్లలో పెళ్లయినా అది పోవలసిందే. బాజాల మధ్య, పటాకుల మధ్య ఎంత బుద్ధిగా నడుస్తుందో చెప్పలేను. ఇంటికి తెచ్చి గుంజకు కట్టేస్తే మాత్రం రాక్షసి.

దానికి ముడులు విప్పడం వచ్చు. పెదవులతో తాడు కొస పట్టుకుని, ఓపికగా లాగి లాగి వదులు చేసుకునేది. దొడ్డి గొళ్లెం కూడా అట్లాగే తీసేది. బయటపడితే ఇంకెక్కడా ఆగదు. తిన్నగా ఊరి చివర ఒక ముసలి రైతు చేను మీద పడుతుంది. మా దిక్కు పసుపు సాళ్ల నడుమ మక్క, అంటే మొక్కజొన్న, వేస్తారు. ఇది మక్క తింటుంది, తింటూ తింటూ పసుపంతా తొక్కుతుంది.

ఆ రైతును అందరూ పటేలా అనే పిలుస్తారు, నేనూ అంతే. మొదటిసారి దొరికినప్పుడు ఆయన దాన్ని బోరు పైపుకు బిగించి కట్టి గొడ్డలి కామతో బాదాడు. నేను పోయేసరికి తొడ మీద తోలు చీలి నెత్తురు గిట్ట దాకా కారుతోంది. అది తన్నుతోంది, ఆయన కొడుతూనే ఉన్నాడు. ఆ కామ లాక్కుని ఆయన మోకాలి మీద ఒక్కటి వేశాను. ఆయన నా రెక్క పట్టుకుని బురదలోకి విసిరేశాడు.

"ఇంకొకపారి నా చేన్ల కనిపిస్తే తలకాయ పగులగొడ్త," అన్నాడు.

"కొట్టి సూడు పటేలా. నీ కాళ్లు రెండూ నేనే ఇరగ్గొడ్త," అన్నాను బురదలోంచి లేస్తూ.

ఇంటికి తెచ్చి గాయంలో పిడికెడు పసుపు కూరాను. కూరుతుంటే నా భుజం కొరికింది. నేను దాని మూతి మీద గుద్దాను. మా మధ్య ప్రేమంటే అట్లాగే ఉండేది.

ఆషాఢంలో మా వాళ్ల పెళ్లిళ్లు ఉండవు. పని తక్కువ, కాలువ గట్టు మీద పచ్చగడ్డి మోకాలెత్తు పెరిగింది. అది తిని తిని డ్రమ్ములా తయారైంది. ఒకరోజు పొద్దున్నే చూస్తే ముందుకాళ్లు బారజాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడి వణుకుతోంది. గిట్ట మీద చెయ్యి పెడితే కాలుతోంది. పశువుల డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు.

"గీ గుర్రానికి పచ్చగడ్డి ఇగ జహర్, ఇసమే అనుకోమ్మా. మక్క అయితే ఇంకా చెడ్డది. గిట్టల లోపట వాపొచ్చింది. మళ్లొకపారి గిట్లయితే లోపటి బొక్క కిందికి దిగుతది, ఇగ లేవదు. నేను సూది ఇచ్చి శాశ్వతంగ పండబెట్టుడే."

మరి ఎట్లా అంటే, వాపు తగ్గినంక మూతికి చిక్కం కట్టి తిప్పమన్నాడు. చిక్కం మాకు కొత్త కాదు. పసుపులో గుంటుక తోలేటప్పుడు ఎడ్లు ఆకు కొరకకుండా తాడుతో అల్లి మూతికి తొడిగేదే. నీళ్లు తాగగలదు, సందుల్లోంచి నాలుగు పోచలు అందుతాయి, అంతకు మించి అందదు. ఇంట్లో తూకం ప్రకారం ఎండుగడ్డి పెట్టాలి. ఇంకేమీ పెట్టగూడదు.

గుర్రం నడవడం మొదలుపెట్టాక చిక్కం తొడిగాను. తొడగడం కాదు, యుద్ధం. మా ఆయన తాడు పట్టుకున్నాడు, అది ఒక్క గుంజు గుంజితే చేయి తోలు లేచిపోయింది. నన్ను గోడకు అదిమింది. నా పక్కటెముకల్లో కలుక్కుమంది. దాని చెవి మెలిపెట్టి, మెడ మీద మోచేత్తో పొడిచి పొడిచి ఎట్లాగో తొడిగాను. సాయంత్రానికి గోడకు రాసి రాసి తాడు తెంపేసింది. నేను నైలాను తాడుతో మళ్లీ అల్లాను. ముక్కు మీద తోలు ఒలుచుకుపోయింది గానీ ఈసారి తాడు తెగలేదు.

మూతి కట్టేశాక ముడులు విప్పుకోలేకపోయింది. నేను గెలిచాననుకున్నాను. అది రొమ్ముతో గుద్ది గుద్ది ఒకనాడు గుంజనే పెరికేసింది.

వీధిలో వాళ్లందరికీ నేనొక కసాయిదాన్ని. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఆకు కత్తిరిస్తూ, చూడలేక మొహం తిప్పుకునేవాళ్లు. "నోరు కట్టేసిన పాపం ఊకెనే పోదే," అని మా అత్త రోజూ అన్నం ముందు కూర్చుని గొణిగేది. ఎవరైనా దయ తలచి చిక్కం మీద చెయ్యి వేస్తారేమోనని నేను కాపలా కాసేదాన్ని. ఒకామెను అట్లాగే చీపురు తిరగేసి తరిమాను.

గుంజ పెరికిన రోజు నేను పటేలు చేను దిక్కే పరుగెత్తాను. ఈసారి నిజంగానే తల పగులగొడతాడనుకున్నాను. పోయేసరికి గొడ్డలి కామ గట్టు మీద పడి ఉంది. పటేలు బోరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గుర్రం ఆయన ఒళ్లో మూతి పెట్టి లేత మక్క కంకులు నములుతోంది. ఎదురుగా కుప్ప పోసి ఉంది. సగం అయిపోయింది. చిక్కం కోసి పక్కన పారేసి ఉంది.

"ఏందే, నీకు కడుపుల పేగులు లేవా?" అన్నాడు నన్ను చూసి. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "తింటే కొట్టిన. నా చేను, నేను కొట్టిన. గని మూతి కట్టేసి మక్కల్లకు ఇడుస్తవా? కంకికి మూతి రాసుకుంట నిలబడ్డది, ముక్కుకు నెత్తురు కారుతున్నది. ఎడ్లకైనా సాళ్లల్లనే కడ్తం. కాడి ఇడిస్తె మొదలు చిక్కమే ఇప్పుతం."

ఆ కామ తీసుకుని ఆయన్ను కొట్టాను. భుజం మీద, వీపు మీద, ఎక్కడ తగిలితే అక్కడ. ఆయన చేతులు అడ్డం పెట్టుకున్నాడు గానీ తిరిగి కొట్టలేదు. కొడుతూ కొడుతూ డాక్టరు చెప్పిందంతా అరిచాను. జహర్ అన్న మాట విన్నాక చేతులు కూడా దించేశాడు. చివరికి నాకే చేతకాక ఆ బురదలో కూలబడ్డాను. గుర్రం మాత్రం మిగిలిన కంకుల కోసం మెడ చాచింది. పటేలే లేచి దాని మూతి మీద కొట్టాడు.

ఆ మర్నాటికి గిట్టలు మళ్లీ వేడెక్కి కాలుతున్నాయి. డాక్టరు నొప్పికి సూదులు ఇచ్చి, చల్లటి నీళ్లలో నిలబెట్టమన్నాడు, ఆ తర్వాత దాని అదృష్టం అన్నాడు. పటేలు చేపల మార్కెట్టు నుంచి గోనెసంచిలో ఐసు మోసుకొచ్చాడు. నేను కొట్టిన భుజం మీదే మోశాడు. టబ్బులో కాళ్లు పెట్టించేటప్పుడు అది ఆయన తొడ మీద తన్నింది. ఆయన కుంటుకుంటూ మళ్లీ వచ్చి అదే కాలు పట్టుకున్నాడు. మేమిద్దరం ఆ రోజుల్లో మాట్లాడుకున్నది తక్కువ. దానికి చెరో చెవి దగ్గర నిలబడి చెరో బూతు తిట్టేవాళ్లం.

బతికింది. కానీ కుంటిదైంది, ఇక పెళ్లికొడుకును మోయలేదు. మా ఆయన ఇంకో గుర్రాన్ని మాట్లాడుకున్నాడు. దీన్ని ఎవరికీ ఇవ్వనని నేను మొండికేశాను.

కుంటితనం దాని బుద్ధి మార్చలేదు. దసరా ముందు మళ్లీ గుంజ లేచింది. పటేలు ఫోన్ చేశాడు.

"బిడ్డా, వచ్చింది. చిక్కం ఉన్నది. నా చేతులల్ల మూతి పెడ్తున్నది."

"ఇప్పకు. కొట్టి ఎల్లగొట్టు."

"నాతోని కాదు."

నేను ఆయాసపడుతూ పోయేసరికి ఆయన బరిగె కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అది చిక్కాన్ని ఆయన ఛాతీకి రాస్తోంది. ఆ రోజు కంకులు పెట్టిన చెయ్యిని వాసన చూస్తోంది. ఆయన దాని మెడ మీద బరిగెతో అట్లా తాకించాడు. అది కదల్లేదు.

"గట్టిగ," అన్నాను.

ఇంకోసారి వేశాడు. అది చెవులు ఊపి ఇంకా దగ్గరికి జరిగింది.

"నీకు దండం పెడ్త పటేలా. మొదటిపారి తీర్గ కొట్టు. మళ్ల నీ దిక్కు రావద్దు."

ఆయన మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి పైకెత్తి, తొడ మీది పాత మచ్చపైనే కొట్టాడు. అది అరిచి, ఆయన దిక్కు ఒకసారి చూసి, కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఆయన వెంటబడి ఏడుస్తూ ఇంకా కొడుతున్నాడు, నేను ఆపమనలేదు.