దొరసాని డబ్బాలోని ఎర్రపొడి

1959లో ఒక ఆదివారం మధ్యాహ్నం పులివెందుల ట్రావెలర్స్ బంగళా వంటమనిషి దస్తగిరి కూరలో నాలుగు చెంచాల కారం వేశాడు. ఆ కూర పేరు గుయాష్. ముగ్గురాయి గనులు చూడటానికి వచ్చి బంగళాలో దిగిన ఇంజనీరుది హంగేరీ. వాళ్ల దేశంలో మాంసంతో చేసే చిక్కటి పులుసు అది.

పదహారేళ్లుగా అక్కడ వండుతున్న దస్తగిరిని కాదని, గిన్నెలు తోమే ఖమర్‌బీకి ఇంజనీరు భార్య, దొరసాని, ఆ వంట నేర్పింది. పాలచింతా అనే, జామ్ పూసి చుట్టే పలుచని తీపి దోసె కూడా నేర్పింది. దొర రెండూ మెచ్చుకున్నాడు. పొయ్యి తన చేయి దాటిపోతోందని దస్తగిరికి అన్నం సహించలేదు.

"గిన్నెలు తోమేదానివి, దొరసానికి చెల్లెలైపోతివే!" అన్నాడు.

"నీకూ చెప్తా రా మామా, శానా సులువు," అంది ఖమర్‌బీ.

"కలెక్టర్లకు వండినోణ్ణి. నీకాడ నేర్చుకోవల్లనా?"

అడగకుండా కిటికీలోంచి చూశాడు. ఆమె దొరసాని డబ్బాలోంచి ఎర్రపొడి నాలుగు చెంచాలు వేసింది. ఆదివారం ఆమె రాని పూట, ఇంకా బాగా వండి చూపించాలని, తన కారప్పొడి అదే కొలతన వేశాడు. డబ్బాలోది హంగేరీ మిరపపొడి. దానికి రంగే తప్ప కారం ఉండదని అతనికి తెలియదు.

దొర ఒక్క ముద్ద తిని, కళ్ల నీళ్లు కారుతుంటే మంచినీళ్ల కూజా ఖాళీ చేశాడు.

మర్నాటి నుంచి ఖమర్‌బీ వండింది. దస్తగిరి ఉల్లిగడ్డలు తరిగాడు, పూటకు రెండు సేర్లు.