లారీలో కరిగిన చారు గిన్నె

నేను చెప్పిన కథల్లో పులి ఉంది, మాట్లాడే ఎద్దు ఉంది, గాలివానకు లేచిపోయి పక్క ఊళ్ళో దిగిన గడ్డివామి ఉంది. చెప్పిన కొద్దీ అవి పెరుగుతాయి. మొదటిసారి కుక్కంత ఉన్న పులి నాలుగోసారికి గుమ్మంలో పట్టదు. బెంగళూరు కాటన్‌పేటలో నన్ను ఎరిగినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే మా లారీ రేడియేటరులో మా ఆవిడ చారు గిన్నె ఉందని చెబితే ఎవరూ నమ్మలేదు. ఎవరు నమ్మకపోయినా నాకు పట్టదు గానీ, నమ్మి తీరవలసిన మనిషి ఒకామె ఉండేది. ఆ ఒక్క మనిషి చేత నమ్మించడానికి పడ్డ ఆయాసం ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది.

యుద్ధం జరుగుతున్న రోజులు. పేరుకు నాకొక లారీ ఉండేది. దాని వయసు మా పెళ్ళి వయసు కంటే ఎక్కువ. పెట్రోలు కూపన్లకు తప్ప దొరకదు గనుక వెనకాల బొగ్గు గ్యాసు పీపా ఒకటి బిగించుకున్నాను. పొద్దున్నే దాన్ని రాజేసేసరికే ఒళ్ళు హూనమయ్యేది. వారానికోసారి సంతరోజుకు ఒక బట్టల వ్యాపారి మూటలు హోసూరు దారిలో అత్తిబెలెకు చేర్చాలి. ఆ ఒక్క బాడిగ మీదే మా ఇల్లు గడిచేది.

ఒక వారం మూటలేసుకుని పోతున్నాను. పక్కన వ్యాపారి గుమాస్తా. చందాపుర దగ్గర పడుతుండగా పులి కథ మంచి పట్టులో ఉంది. అది ఎంతుండేదో చూపించడానికి రెండు చేతులూ చాపాను. చక్రం మీద చేతులు లేకపోవడం నాకు గుర్తులేదు, లారీకి గుర్తుంది. రోడ్డు పక్కన ఎద్దుల్ని విప్పి నిలిపిన బండి ఒకటుంటే, ముందుకు చాచిన దాని నొగ తిన్నగా లారీ ముఖంలోకి దిగింది.

గుమాస్తా తలపాగా సర్దుకుని, "పులి ఎంతుండెనో తెలిసిందప్పా. ఇంక దిగి, ఆ నీళ్ళు యాడికి పోతావుండాయో చూడు" అన్నాడు.

నీళ్ళు పోతున్నది రేడియేటరులోంచి. ఇంజను ఉడికిపోకుండా నీళ్ళు తిప్పే సన్న గొట్టాల పెట్టె అది. అందులో నీళ్ళు నిలవకపోతే లారీ నడవదు. దారిపక్క పూటకూళ్ళ అమ్మ చూసి, "పిడికెడు రాగిపిండి పొయ్యి అప్పా, కారే కుండకి మేం అదే పూస్తాం" అంది. పిడికెడు చాలదనిపించి నేను రెండు శేర్లు పోశాను. కారడం ఆగిపోయింది. మైలున్నర దర్జాగా పోయాం. ఆ తర్వాత ఇంజను వేడికి పిండి ఉడికి, లోపల సంగటి అయి కూర్చుంది. మూత తీస్తే బుడగలు వేస్తూ పైకి వచ్చింది. గుమాస్తా, నేనూ దాన్ని ముద్దలు చేసి పులుసులో ముంచుకు తిన్నామని తర్వాత ఊరంతా చెప్పాను. అది అబద్ధం. నూనె వాసన కొట్టింది.

మూటలు ఎద్దుబండ్ల మీద సంతకు పోయాయి. గుమాస్తా వ్యాపారి మాట మోసుకొచ్చాడు: "ఈ వారానికి సరే. వచ్చే సంతకి నీ లారీ రాకుంటే బాడిగ బండ్లోళ్ళకే ఇచ్చేస్తారంట." లారీని అక్కడే ఒక దొడ్లో వదిలి, రేడియేటరు విప్పి, బెంగళూరికి తిరిగిపోయే బండి మీద వేశాను. మిట్ట వచ్చిన ప్రతిచోటా బండివాడు నన్ను దింపి నడిపించాడు. దారిలో అన్ని మిట్టలున్నాయని లారీ తోలినన్నాళ్ళూ నాకు తెలియదు.

ఇంటికొచ్చాక రెండు రోజులు వేణ్ణీళ్ళు పోసి, ఈనెపుల్లలతో పొడిచి సంగటి బయటికి తీయడమే సరిపోయింది. కొత్తది కొందామా అంటే, కంపెనీ షాపులో "సీమ నుంచి ఓడలో రావాలి, ఓడ వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు. ధర కూడా చెప్పారు. ఆ ధర విన్నాక ఓడ రాకపోతేనే మంచిదనిపించింది.

చివరికి మార్కెట్టు వెనక ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే సాయిబు దగ్గరికి మోసుకుపోయాను. ఆయన రేడియేటరును నీళ్ళ తొట్టిలో ముంచి, ఒక మూతికి గుడ్డ కుక్కి, ఇంకో మూతిలోంచి ఊదాడు. బుడగలు వరసగా లేచాయి. ఆయన లెక్కపెట్టడం మానేసి గడ్డం తుడుచుకున్నాడు.

"రెండు గొట్టాలు చచ్చిపోయినాయి. వాటి నోళ్ళు మూసేస్తా. మిగతావి అతకచ్చు. అతకనీకి సత్తు, అదే తగరం, యాడుండాది అప్పా? మలయా జపానోళ్ళ చేతికి పోయినప్పటినుంచి సత్తు కంటికి కనబడలే. పాత సీసం ఉండాది. సీసం ఒకటే అయితే పట్టదు."

"మరి ఎట్ల?"

"మీ ఇంట్లో చారు దేంట్లో పెడతారు?" అని ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

మా ఇళ్ళలో చారు సత్తు గిన్నెలో కాగాల్సిందే. వెండిలా మెరిసే మెత్తని గిన్నె, గట్టిగా పట్టుకుంటే సొట్టపడుతుంది. పెళ్ళిలో మా అత్త మా ఆవిడకు దాన్ని ఇచ్చింది, ఆమెకు వాళ్ళమ్మ ఇచ్చింది. చేతిలో పెడుతూ అందరి ముందూ చెప్పింది: "నీళ్ళు పొయ్యకుండా పొయ్యి మీద పెట్టొద్దే. నీళ్ళుంటే నూరేండ్లు ఉంటాది. లేకుంటే లెక్కపెట్టే లోపల కారిపోతాది." సత్తు గిన్నె కరగబెట్టుకున్న కోడలంటే మా వైపు ఇంకేం చెప్పనక్కరలేదు, ఆ పిల్లకు ధ్యాస లేదని పది ఊళ్ళకు తెలిసిపోతుంది.

ఇల్లు చేరేలోగా మూడు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. ఒకదాంట్లో కోతి ఉంది. తీరా గడప మీద కూలబడ్డాక కోతిని లోపలికి తీసుకొచ్చే ఓపిక లేకపోయింది. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

మా ఆవిడ విని వంటింట్లోకి పోయింది. ఆ పూట చారు ఆ గిన్నెలోనే పెట్టింది, వడ్డించింది. తర్వాత దాన్ని చింతపండుతో తోమి, తుడిచి, పాత పంచె ముక్కలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది.

"ఇదో చూడండి. ఇది నేను పోగొట్టలేదు. ఇస్తావుండాను. మా అమ్మ వచ్చి అడిగితే మీరే చెప్పల్ల. ఉండేది ఉన్నట్టు. పులీ గిలీ కలపకూడదు."

"కలపను."

"నేనే ఇచ్చినానని ఆయమ్మకి తెలియల్ల. అంతే నాకు."

సాయిబు నిప్పుల మీద మూకుడు పెట్టి అందులో గిన్నె వేశాడు. నేను చూడకూడదనుకుంటూనే చూశాను. ముందు అడుగు కూలింది, తర్వాత అంచు లోపలికి వంగింది, ఇంక గిన్నె లేదు. అందులో సీసం కలిపి, అతుకు పట్టడానికి రేడియేటరును నవాసారంతో రుద్ది, ఒక్కొక్క గొట్టం దగ్గరా అతుకు పోశాడు. డబ్బు అడగలేదు, మిగిలిన సత్తే తన కూలి అన్నాడు. నాకూ అదే కుదిరింది. పోయేముందు హెచ్చరించాడు: "నీళ్ళు తగ్గనియ్యొద్దు అప్పా. ఉత్తగా కాగిందంటే అతుకంతా జారిపోతాది."

తర్వాతి సంతకు మూటలు లారీ మీదే పోయాయి. బాడిగ నిలిచింది. కానీ ఆ రోజు నుంచి నేను లారీ తోలినట్టు లేదు, పసిబిడ్డకు పాలు పట్టినట్టుంది. ఐదు మైళ్ళకోసారి ఆపడం, గోనెగుడ్డతో మూత తిప్పడం, ఆవిరికి చెయ్యి కాల్చుకోవడం, కిరసనాయిలు డబ్బాలో తెచ్చుకున్న నీళ్ళు పోయడం.

కొన్ని నెలలకు మా అత్త వచ్చింది. హోసూరు అవతల వాళ్ళ ఊరు. భోజనానికి కూర్చుని చారు ఒక గుక్క తాగి, ఆగింది.

"ఇది నా గిన్నె చారు కాదే. గిన్నె యాడుండాది?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను చెప్పాను. నొగ, సంగటి, సాయిబు, సత్తు, ఒక్క అక్షరం కలపకుండా. చెబుతుంటే నాకే అది అబద్ధంలా వినిపించింది. మా అత్త కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"బాగా కట్టినావప్పా అల్లుడా! ఆ పులికంటే ఇదే బాగుండాది." నవ్వడం అయ్యాక కూతురి వైపు తిరిగింది. "ఊరికే ఒప్పుకోవే. ఉత్త గిన్నె పెట్టి, యాడనో మాట్లాడతా కూచుంటివి. దానికి మొగుడి చేత కథ చెప్పిస్తావా?"

"లేదమ్మా. నేనే ఇచ్చినా."

"ఇస్తావు, ఇస్తావు. లారీకి చారు కాచి పోసేదానికా?"

ఒక్క మాటతో దాన్ని ముగించగలిగేవాణ్ణి. నేనే వేణ్ణీళ్ళకని ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోయానంటే మా అత్త ఇట్టే నమ్మేది, కూతురి మీద మాట పోయేది. నోరు తెరిచాను. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. మూసుకున్నాను. జన్మలో నోటిదాకా వచ్చాక నేను మింగిన అబద్ధం అదొక్కటే.

మూడు రోజులుంది మా అత్త. మూడు రోజులూ చారు పోసుకోలేదు, మజ్జిగతోనే లేచింది. మా ఆవిడ వంచిన తల ఎత్తకుండా పనులు చేసుకుంది.

సంతరోజు వచ్చింది. అత్తిబెలె దాకా లారీలో దింపుతానన్నాను. ముందు సీటులో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరు దాటిన మిట్ట దగ్గర ఆపి నీళ్ళు పోశాను. ఇంకొంచెం పోయి మళ్ళీ ఆపాను. చందాపురలో మూడోసారి ఆపేసరికి ఆమెకు విసుగొచ్చింది.

"ఎన్ని మార్లప్పా? ఇప్పుడే కదా పోస్తివి."

"చూడల్ల అత్తా. నీళ్ళుంటే ఏం కాదు. లేకుంటే లెక్కపెట్టే లోపల కారిపోతాది."

ఆమెను ఒప్పించాలని అన్న మాట కాదది. ఒప్పించే ఓపిక ఎప్పుడో అయిపోయింది. వారం వారం ఆ పని చేస్తూ నాలో నేను గొణుక్కునే మాట, అలవాటుగా వచ్చింది. ఎవరి మాటో కూడా తట్టలేదు.

మా అత్త నా వైపు తిరిగి చూసింది. తర్వాత మూట పక్కన పెట్టి, మెల్లగా దిగి, ముందుకొచ్చింది. మసిపట్టిన గొట్టాల మధ్య అక్కడక్కడా తెల్లటి అతుకులు మెరుస్తున్నాయి. వేలు దగ్గరికి పెట్టి, వేడి తగిలి వెనక్కు తీసుకుంది. డబ్బాలోంచి నేను ముంచిన నీళ్ళ చెంబు అందుకుంది.

"ఒకేసారి పొయ్యొద్దు అత్తా, పగులుతాది."

"నాకు తెలుసులేప్పా" అంది. చారులోకి నీళ్ళు వంచినట్టు, సన్న ధారగా, చెంబంతా తనే పోసింది.

అత్తిబెలెలో దిగాక మూట చంకన పెట్టుకుని నాలుగడుగులు నడిచి వెనక్కు తిరిగింది. "నీళ్ళు పొయ్యకుండా తోలొద్దప్పా" అంది. ఇంకో రెండడుగులేసి మళ్ళీ ఆగింది. "నా బిడ్డకి చెప్పు. నా చేతిలో ఉండినా ఇచ్చేదాన్నే అని."

ఇంటికొచ్చేసరికి నా నడుము నిలవడం లేదు. గడప మీదే కూర్చుని మా ఆవిడకు ఆ మాట చెప్పాను. ఆమె చేతిలో చీపురు అలాగే ఉంది.

"ఏమనింది? ఇంకోసారి చెప్పండి."

చెప్పాను. ఆమె లోపలికి పోయి, మంచినీళ్ళు తెచ్చిచ్చి, నేను తాగేదాకా ఆగి, "ఏమనింది?" అంది. మళ్ళీ చెప్పాను. మూడుసార్లూ అదే మాట, అంతే పొడుగు, ఒక అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. నా కథలు రెండోసారికి ఎంత పెరుగుతాయో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. చీపురు మూలన పెట్టి, పొయ్యి మీద ఇత్తడి గిన్నె ఎక్కించి, ముందు నీళ్ళు పోసింది.