చిలక వేస్తే రావద్దని

ఆదిలక్ష్మి పొద్దున్నే గుమ్మంలో వేసేదాన్ని వీధంతా ముగ్గనే అనుకునేది. అది ఉత్తరమని కాలవ అవతల ఉండే జ్ఞానమ్మ టీచరుగారికి ఒక్కరికే తెలుసు.

యాభై ఎనిమిదేళ్లొచ్చాక ఆదిలక్ష్మికి స్కూటీ మీద మనసైంది. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కు రెండుసార్లు మొదలెడితే రెండుసార్లూ మధ్యలో తెగిపోయింది. శనివారం వచ్చేసరికి కొడుకు మోహన్‌కి ఏదో పని తగిలేది. "నేనే నడుపుకుంటాన్రా" అంటే, "కాలవలో పడతావమ్మా" అని నవ్వేడు.

రిటైరైన టీచరుగారికి స్కూటీ ఉంది, నేర్పే ఓపికా ఉంది. కానీ ఆదిలక్ష్మి ఇంట్లో ఫోనంటే స్పీకరే, మాట ఇంటిల్లిపాదికీ వినబడాల్సిందే. అందుకని ముగ్గుగొట్టం పనికొచ్చింది. ఆ చిల్లుల గొట్టంలో పిండి పోసి దొర్లిస్తే నేలమీద తెల్లటి తీగ సాగుతుంది. ఎన్ని తీగలుంటే అన్ని గంటలకి పాఠం. చిలక వేస్తే, మోహన్ ఇంట్లో ఉన్నాడు, రావద్దని. పొగమంచులో వంతెన మీదుగా నడకకొచ్చి టీచరుగారు చదువుకుని వెళ్లేవారు.

మూడో పాఠంలో ఆదిలక్ష్మి అరటితోటలోకి దూసుకెళ్లి గెలతో సహా బయటికొచ్చింది. ఆ మర్నాటి నుంచీ మోహన్ ఊళ్లో లేకపోయినా చిలకే. పచ్చ చిలక, నీలం చిలక, తల తిప్పుకున్న చిలక.

ఓ రోజు మోహన్ నిజంగానే ఇంట్లో ఉన్నాడు. ఆదిలక్ష్మి చిలకని వేసి నిశ్చింతగా ఉంది. సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గర హారన్ మోగింది.

"నాలుగు తీగలేసి లోపల కూర్చున్నారేవిటండీ? రండి!" అన్నారు టీచరుగారు.

"ఏం తీగలమ్మా?" కాఫీ గ్లాసుతో మోహన్ లేచేడు.

ఆదిలక్ష్మి గుమ్మం వైపు చూసింది. చిలక ఎగిరిపోయింది. నాలుగు తీగలు తిన్నగా ఉన్నాయి. కోడలు లావణ్య కొంగుకి పొద్దుటి ముగ్గుపిండి ఇంకా అంటుకునే ఉంది.

"నేనే మార్చేనండీ అత్తయ్యగారూ. రోజూ చిలకేస్తే బండెప్పటికొస్తుందండీ?"

"నీకెలా తెలిసిందే?"

"అరటి మరకల చీర ఉతికిందెవరండీ? ఆ వేళ్టి నుంచీ మీ ముగ్గులు చదువుతూనే ఉన్నాను."

"అమ్మా, కాలవ..." అన్నాడు మోహన్.

"ఆయ్, ఇటు పక్కనుంది, తెలుసు" అని ఆదిలక్ష్మి బండెక్కింది. లేత కొబ్బరాకులా ఊగుతూ స్కూటీ వంతెన ఎక్కింది.

మరో రెండు నెలలకి, మొక్కులో మొదటి శనివారం వాడపల్లి దారిలో ఆదిలక్ష్మి తాపీగా బండి నడుపుతోంది. వెనక సీట్లో మోహన్ కళ్లు మూసుకుని, "గోవిందా గోవిందా" అంటూ గుడి రాకముందే మొక్కుకుంటున్నాడు.