మా బావ, నేను, రోలర్ల మీద పడవ

మా ఆయన అన్నతో నేను తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను. చివరి రెండేళ్ళు మా మధ్య మాటల్లేవు. దానికి కారణం ఒక పడవ అంటే మదనపల్లెలో ఎవరూ నమ్మరు. తాగే నీళ్ళకే ట్యాంకరు కోసం కాచుకునే ఊళ్ళో పడవేమిటని నవ్వుతారు.

రెండువేల సంవత్సరం దాటాక వరసగా కరువులు వచ్చి, ఒక ఏడు మాత్రం వానలు ఆగకుండా కురిశాయి. పుంగనూరు దగ్గర ఒక చెరువు నిండి, మరవ మీంచి నీళ్ళు పొర్లి పారాయి. అన్ని నీళ్ళు చూడని జనం ఆదివారం పూట పిల్లాజెల్లాతో కట్ట మీదికి వచ్చేవారు. టమాటా మండీ నడిపే మా బావ ఆ జనాన్ని చూశాడు. డబ్బుకు జనాన్ని పడవలో తిప్పేందుకు నెల తిరక్కుండా అనుమతి తెచ్చి, బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన ఎనిమిది మంది కూర్చునే ఫైబరు పడవను ఇంటికి పట్టుకొచ్చాడు.

పడవకంటే దాన్ని మోసే ట్రైలరే నాకు నచ్చింది. మధ్యలో వరసగా రబ్బరు రోలర్లు, పక్కల చిన్న రోలర్లు, ముందర చేత్తో తిప్పే వించి. వించికి చుట్టిన పట్టా కొక్కెం పడవ ముక్కుకు తగిలిస్తారు. ట్రైలర్ను నీళ్ళ అంచుదాకా వెనక్కి తోలి, పట్టా వదులు చేస్తే పడవ రోలర్ల మీద తనంతట తాను జారి నీళ్ళలోకి దిగుతుంది. మళ్ళీ ఎక్కించాలంటే వించి తిప్పి లాక్కోవాలి. చెరువు దగ్గర వదిలితే ఇంజను ఎత్తుకుపోతారని ప్రతి ఆదివారం జీపుకు తగిలించి మదనపల్లె నుంచి తీసుకెళ్ళేవాళ్ళం.

మొదటి ఆదివారం బావ జీపు వెనక్కి తోలాడు. స్టీరింగు ఎటు తిప్పితే ట్రైలరు అటే పోతుందనుకున్నాడు. అది ఎదురుదిక్కుకు తిరిగి జీపుకు అడ్డంగా మడుచుకుంది. ముందుకు తీశాడు, వెనక్కి తోలాడు, మళ్ళీ మడుచుకుంది. కట్ట మీద జనం నవ్వడం మొదలుపెట్టారు.

మాది కుప్పం. మా నాయన ట్రాక్టరుతో క్వారీ రాళ్ళు తోలేవాడు. పెళ్ళి కాకముందు, తొంభైలలో, ట్రాలీని వెనక్కి తోలి సందుల్లో పెట్టడం ఆయనే నాకు నేర్పాడు. అందుకే ఊరుకోలేక జీపు పక్కకు పోయి, "బావా, స్టీరింగు ఇంకో పక్కకి తిప్పల్ల," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. మా ఆయనతో అన్నాడు: "ఇంట్లో సంగటి గెలికే వాళ్ళంతా ఈడికొచ్చి డ్రైవింగు నేర్పిస్తాండారు. ఆమెను అట్ల పక్కకి పొమ్మను."

మా ఆయన నా భుజం తట్టి, "ఊరికే ఉండు," అన్నాడు.

ఇంకో అరగంట గడిచింది. చివరకు బావే దిగి, తలుపు తెరిచి ఉంచి, నీడలోకి పోయి నిలబడ్డాడు. నేను ఎక్కి, ఒక్క విడతలో ట్రైలర్ను నీళ్ళ దాకా తోలాను. టైర్లు తడిసీ తడవకముందే ఆపాను. పడవ జారి నీళ్ళలో పడింది. కట్ట మీద ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లను ఆయన నాకు ఎప్పుడూ క్షమించలేదు.

ఆ రోజునుంచి వారం వారం ఆయనకు నేను కావాలి. కానీ నాతో మాట్లాడడు. నేను పక్కనే ఉన్నా, "ఇంగ తోలమని సెప్పు ఆమెకి," అని తమ్ముడితో అంటాడు. నేనూ తక్కువ తినలేదు. ఆయన తట్టలో సంగటి ముద్ద వేసేటప్పుడు కావాలని చల్లారింది చూసి వేసేదాన్ని.

వేసవికి నీళ్ళు తగ్గాయి. పడవ దించేందుకు రాళ్ళు పరిచిన వాలు పైనే ఆగిపోయింది, దాని కింద అంతా బురద. ఒక ఆదివారం మధ్యాహ్నం పడవ ఎక్కించాల్సి వచ్చింది. ట్రైలర్ను ఇంకా లోపలికి తోలమన్నాడు బావ. నేను తోలలేదు. "టైర్లు దిగబడతాయి, బేరింగుల్లోకి నీళ్ళు పోతాయి. ఈడనుంచే లాగండి," అన్నాను.

ఆయన పళ్ళు కొరుకుతూ వించి తిప్పాడు. పడవ సగం పైకొచ్చి, వంకరగా వాలి, మధ్య రోలరు తప్పింది. నేను జీపు ఇంజను ఆపి, హ్యాండుబ్రేకు వేసి, చక్రాల కింద రాళ్ళు పెట్టి వెనక్కి వచ్చాను.

"బావా, ఆగండి. మెల్లిగా నీళ్ళలోకి వదిలి, తిన్నగా పెట్టి మళ్ళా లాగల్ల."

"నువ్వు సెప్తే నేను సేసేదేందమ్మా?" అని, ఆయన వించి పళ్ళచక్రానికి అడ్డం పడే ఇనుప నాలుకను ఒక్కసారిగా పైకి లేపాడు. పడవ బరువంతా వించి తిప్పే పిడి మీద పడింది. పిడి ఆయన చేతిలోంచి జారి గిర్రున తిరిగి మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పడవ నీళ్ళలోకి పోయింది.

మా ఆయన అన్నను పట్టుకున్నాడు. నేను చీర ఎగదోపుకొని నడుము లోతు నీళ్ళలోకి దిగి, పడవను తాడు పట్టి తిన్నగా తెచ్చి, మళ్ళీ కొక్కెం తగిలించి వించి తిప్పాను. తర్వాత పడవను లాక్కుంటూనే మదనపల్లె ఆసుపత్రికి తోలాను. దారి పొడుగునా బావ కిటికీలోంచి బయటికే చూశాడు.

ఆసుపత్రిలో చూడవచ్చిన బంధువులతో ఆయన అన్న మాట నేను తలుపు అవతలనుంచి విన్నాను: "నేను పిడి పట్టుకోనుండగానే ఆమె జీపు ముందుకి తోలేసింది. సెప్తే ఇంటేనా."

లోపల మా ఆయన ఉన్నాడు. "కాఫీ తెప్పించేదా?" అని వాళ్ళను అడిగాడు.

ఇంటికొచ్చాక అడిగాను. "జీపు ఆగి ఉండింది. నువ్వు సూసినావు కదా?"

"సూసినాలే. అన్న కదా, నొప్పితో ఏదో అన్నాడు. పోనీ."

"నాకు పోదు," అన్నాను.

ఆ తర్వాత నేను ఆ జీపు ఎక్కలేదు. పెరట్లో పడవ ఎండకు రంగు వెలిసింది. చుట్టాలిళ్ళలో నన్ను చూసి, "బావ చెయ్యి ఇరగ్గొట్టిందంట," అని గుసగుసలాడేవారు. మొదట్లో ఏడ్చేదాన్ని, తర్వాత వాళ్ళ ముఖాల్లోకి నేరుగా చూడడం అలవాటు చేసుకున్నాను.

రెండేళ్ళకు పడవను కలకడ ఊరి ఆయనెవరో కొన్నాడు. తీసుకుపోవడానికి వచ్చినప్పుడు పెరటి సందులోంచి వెనక్కే తోలాల్సిన ట్రైలరు బయటికి రాలేదు. ముగ్గురు డ్రైవర్లు ప్రయత్నించారు. మా ఆయన వంటింట్లోకి వచ్చి, "అన్న పిలస్తాండాడు, కొంచెం తోలిపెట్టు," అన్నాడు.

"ఆయన్నే వచ్చి అడగమను."

బావ గడప దాకా వచ్చాడు. రెండేళ్ళలో మొదటిసారి నాతో నేరుగా మాట్లాడాడు. "బండి ఎనక్కి తోలమ్మా."

"తోల్తాను బావా. మీ చెయ్యి ఎట్ల ఇరిగిందో మీ తమ్ముడి ముందర ఒక్కసారి సెప్పండి, సాలు."

ఆయన దవడ కదిలింది. చెబుతాడనే అనుకున్నాను. వెనక్కి తిరిగి పోయాడు.

కాసేపటికి గడ్డపార చప్పుడు వినిపించింది. ట్రైలరు పట్టేందుకు పెరటి ప్రహరీ పడగొట్టిస్తున్నాడు. వాళ్ళ నాన్న కట్టించిన గోడ. నేను కిటికీ దగ్గర నిలబడి చివరి రాయి పడేదాకా చూశాను. సంతోషం కలగలేదు, జాలీ కలగలేదు. ఆ నెలలోనే మేము వేరు కాపురం పెట్టాం. సామాన్ల బండిని సందులోకి వెనక్కి తోలింది నేనే. మా ఆయన వెనక నిలబడి చెయ్యి ఊపుతూ దారి చూపిస్తున్నాడు. నేను ఆయన చెయ్యి చూడలేదు, అద్దంలోనే చూసుకుంటూ తోలాను.