టార్పాలిన్ కప్పిన బండి

మా తమ్ముడి మనవడు పికప్ బండి కొని ఎనిమిది నెలలైంది. నిన్న రెండు మూటల శెనక్కాయలు కర్నూలుకు వేసుకుపొమ్మన్నాను.

"తొట్టికి గీతలు పడతాయి అవ్వా, ఆటోలో పంపిస్తాలే" అంటూ బండి మీది టార్పాలిన్ అంచును చంటిబిడ్డకు పక్క సర్దినట్టు సర్దాడు.

ఆ సర్దడం నేను ఇదివరకే చూశాను. ఆలూరు దగ్గర మా ఊళ్లో, వెనక తొట్టి ఉన్న మోటారు బండి మా పెద్దనాయనకు ఒక్కడికే ఉండేది. నాకప్పుడు ఏడేళ్ల నాలుగు నెలలు. అమ్మకు నొప్పులు మొదలైతే నాయన వెళ్లి బండి అడిగాడు.

"దాంట్లో యాడ తీసుకపోతావురా? తొట్టి పాడైపోతాది. ఎద్దులు ఉండాయి గదా" అన్నాడు పెద్దనాయన, టార్పాలిన్ సర్దుతూ.

మా ఇళ్లలో అమ్మవారు పోసినవాళ్లనే అలా నిండా కప్పి ఉంచేవాళ్లు. బండికీ పోసిందనుకుని, పాపమని దాని మీద ఒక వేపరెమ్మ పెట్టి వచ్చాను.

అమ్మ పదకొండు మైళ్ల దూరంలోని ఆసుపత్రికి ఎద్దులబండిలో బయలుదేరింది. తమ్ముడు ఏడో మైలు దగ్గరే పుట్టాడు.

పెద్దనాయన ఆ బండిని ఆరేళ్లు ఉంచుకున్నాడు. నా వేపరెమ్మ తప్ప అది ఇంకేదీ మోయగా నేను చూడలేదు.