ఒక్కసారే పాడే పాట

2023వ సంవత్సరం. నంద్యాలలో మా ఇంటి ముందుగదే నా రికార్డింగ్ స్టూడియో. బయట బోర్డు మీద ‘డిజిటల్’ అని ఉంటుంది, లోపల గోడలకు పాత దుప్పట్లుంటాయి. ఇన్నేళ్లలో ఎందరి పాటలో రికార్డు చేశాను గాని, నేను సృష్టించిన రికార్డు మాత్రం ఒక్కటీ లేదు.

ఆ ఎండాకాలం హరిణి అనే వయొలిన్ కళాకారిణి వచ్చింది. శిరివెళ్ల దగ్గర పల్లె వాళ్లది. చచ్చాక మనిషి ఎక్కడికి పోతాడన్నదాని మీద ఒక ఆల్బమ్ చేస్తోంది. చర్చి బృందం పరలోకం గురించి పాడింది. ఒక ఫకీరు సమాధి గురించి పాడాడు. అన్నిటికీ ఆమె వయొలిన్ తోడు. చివరిది ఆళ్లగడ్డ భజన బృందం పాడాలి. శవాన్ని ఎత్తేముందు పాడే తత్వం అది.

బృందానికి పెద్ద ఓబులేసన్న. ఏ పాట కావాలో వినగానే కుర్చీలోంచి లేచాడు.

“ఏందమ్మా ఇది? పీనుగు లేకుండా ఆ పాట యాడన్నా పాడతారా? సంసారం చేస్తాండే ఇల్లు ఇది!”

“ఇది స్టూడియో గదన్నా,” అన్నాను.

“యముడికి నీ బోర్డు సదవనొస్తాదా అప్పా?”

హరిణే నోరు తెరిచింది.

“ఊరికే పాడమనడం ల్యా పెద్దనాయనా. మాయమ్మ కోసం. కరోనాలో పాయ. ఆస్పత్రి నుంచి అట్లే తీసకపోయినారు. తాళం మోగలా. మా ఊర్లో పాట లేకుండా పోయింది మాయమ్మ ఒకతే.”

ఓబులేసన్న మళ్లీ కూర్చున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“అట్లయితే పాడాల్సిందేలే. ఆలస్యమాయ, అంతే. ఈడ వద్దు, మా చేన్లో. మొదలుపెడితే మాత్రం నిలపం. రెండోసారి పాడం. పాడితే ఇంకో పీనుగును పిలిసినట్టే.”

మా పనంతా ఓవర్‌డబ్, రీటేకుల మీదే నడుస్తుంది. ఓవర్‌డబ్ అంటే ఒక్కొక్కరినీ విడిగా రికార్డు చేసి తర్వాత కలపడం. రీటేక్ అంటే తప్పు వస్తే మళ్లీ పాడించడం. పెళ్లిచూపుల్లో కూడా రీటేక్ అడిగినవాణ్ణి నేను.

ఆళ్లగడ్డ బయట, చేను గట్టున చాప పరిచారు. దాని మీద హరిణి వాళ్లమ్మ చీర మడిచి పెట్టి, పసుపు కుంకుమ వేశారు. బృందం చుట్టూ నిలబడింది, నేను మైకులు, రికార్డర్ అమర్చుకున్నాను. తాళాలు మొదలయ్యాయి. రెండో చరణంలో హరిణి వయొలిన్ కమాను ఆగిపోయింది. “అమ్మా!” అని గట్టిగా ఏడ్చింది. అలవాటు కొద్దీ నా వేలు స్టాప్ బటన్ మీదికి పోయింది. ఓబులేసన్న పాట ఆపకుండానే నా వైపు గుడ్లురిమి చూశాడు. వేలు వెనక్కి తీసుకున్నాను. పాట చివరిదాకా నడిచింది, ఆమె ఏడుపుతో సహా.

తర్వాత అందరం బోరు కింద తలస్నానం చేశాం.

“మైకులకు కూడానా అన్నా?” భయంగా అడిగాను.

“పసుపునీళ్లు సల్లితే సాల్లే. నువ్వు మాత్రం తల బాగా తడుపుకో, దాంట్లో యేం వైర్లు లేవు గదా!”

తడి జుట్టుతో నిలబడ్డ హరిణికి హెడ్‌ఫోన్లు చాచాను, విని చూసుకొమ్మని.

“ఇయ్యొద్దప్పా,” అన్నాడు ఓబులేసన్న. “సాగనంపినాంక తిరిగి సూడగూడదు. ఇంటికి పో తల్లీ.”

ఆమె అందరికీ దండం పెట్టి, గట్టు వెంట రోడ్డు దాకా నడిచింది.

ఏడుపు వినిపించే ఆ పాటలో ఇప్పటికీ ఒక్క శబ్దం కూడా తీసేయలేదు. తీసేయాల్సిన చప్పుడేదో, ఉంచాల్సిన చప్పుడేదో నాకు తెలిసింది ఆ చేన్లోనే. అందుకు హరిణికీ, ఓబులేసన్నకూ రుణపడ్డాను. మామూలుగా నా దగ్గరికొచ్చినవాళ్లు గడప దాటాక కనీసం మూడుసార్లు వెనక్కొస్తారు, “అన్నా, ఇంకొక్క చిన్న మార్పు” అంటూ. ఆ రోజు ఆమె ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. నా పని ఇంత బాగా కుదిరిన రోజు మరొకటి లేదు.